లుకేమియా పిల్లల క్రోమోజోమ్ పరీక్ష చేసే ల్యాబ్: పని బాగుంది, రిపోర్టు మొదటి పేజీ మారాలి

ముందు మార్కులు చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. ల్యాబ్‌లో చేసిన పని చాలా బాగుంది, ఫోన్‌లో ఓపిగ్గా మాట్లాడిన తీరు ఇంకా బాగుంది, కానీ రిపోర్టు మొదటి పేజీ రాసే పద్ధతి మాత్రం బాగాలేదు, దానివల్ల అసలు విషయమే కంటపడకుండా పోయే ప్రమాదం ఉంది. ల్యాబ్ పేరు రాయడం లేదు. ఇలాంటి మొదటి పేజీలే వేరే ల్యాబ్‌ల నుంచి వచ్చినవి కూడా వార్డులో మిగతా తల్లిదండ్రుల చేతుల్లో చూశాను, ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు. పిల్లలకి లుకేమియా అని ఇప్పుడే తెలిసి, ఈ పరీక్ష ఎందుకో, వచ్చిన రిపోర్టులో ఏం వెతుక్కోవాలో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా పాపకి వచ్చింది బి-సెల్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. అందరూ ఏఎల్ఎల్ అంటారు. పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, రెండు నుంచి ఐదేళ్ల వయసులో మరీ ఎక్కువ. 1960ల మొదట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందిలో ఒక్కరు దక్కడం కూడా కష్టంగా ఉండేది. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. కొత్త మందులు వచ్చాయి కాబట్టే ఇలా అయింది అనుకుంటాం గానీ, ఇందులో పెద్ద భాగం పాత మందులనే ఎవరికి ఎంత గట్టిగా ఇవ్వాలో తెలుసుకోవడం వల్ల వచ్చింది. ఎవరికి ఎంత అనేది తేల్చడానికి డాక్టర్లు పిల్లల వయసు చూస్తారు, మొదటిరోజు తెల్లకణాల లెక్క చూస్తారు, మొదటి నెల మందులకి జబ్బు ఎంతవరకు లొంగిందో చూస్తారు, వీటితోపాటు లుకేమియా కణాల్లో క్రోమోజోములు ఎలా ఉన్నాయో చూస్తారు. ఈ చివరిది చెప్పేదే ఈ పరీక్ష. ఇందులో తప్పు దొర్లితే పిల్లలకి అక్కర్లేని కీమో అయినా పడుతుంది, అవసరమైన కీమో అయినా పడకుండా పోతుంది. అందుకే రక్త పరీక్షల ల్యాబ్‌ని చూసినట్టు రిపోర్టు ఎంత త్వరగా వచ్చింది, సిబ్బంది మర్యాదగా ఉన్నారా అని మాత్రమే చూసి దీనికి మార్కులు వేయలేం.

శాంపిల్ దగ్గర నుంచి మొదలుపెడతాను. క్రోమోజోముల్ని మైక్రోస్కోపు కింద చూడాలంటే కణం విభజన మధ్యలో ఉండాలి, అంటే ల్యాబ్‌కి చేరేసరికి కణాలు బతికే ఉండాలి. కాబట్టి బోన్ మ్యారోని, అంటే ఎముక మజ్జని, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో పోస్తారు, ఐస్‌లో గడ్డకట్టించకూడదు, ఒక రోజు లోపల చేర్చాలి. ఈ ల్యాబ్ ట్యూబులు ముందే పంపింది. వాటితో వచ్చిన ఫారంలో "స్టెరాయిడ్ మొదలుపెట్టారా?" అన్న ప్రశ్న అన్నిటికంటే పైన ఉంది. ఆ ఒక్క ప్రశ్న చూసి నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది. స్టెరాయిడ్ పడగానే లుకేమియా కణాలు చావడం మొదలవుతుంది, ఆ తర్వాత తీసిన శాంపిల్‌లో చూడటానికి పెద్దగా మిగలదు. శాంపిల్ అందిన వెంటనే ఫోన్ చేసి అందిందని, గడ్డకట్టలేదని, కణాలు సరిపడా ఉన్నాయని చెప్పారు. ఆ సమయంలో పాపకి రెండోసారి వెన్ను దగ్గర సూది గుచ్చాల్సి వస్తుందేమో అన్నదే నా భయం, కాబట్టి ఆ ఫోన్ విలువ నాకు తెలుసు.

ఇక కార్యోటైప్, అంటే కణంలోని క్రోమోజోముల్ని లెక్కపెట్టి, వాటి రూపం చూసే పరీక్ష. కణాల్ని ఒక రోజో రెండు రోజులో పెంచి, విభజన మధ్యలో ఆగిపోయేలా మందు వేసి, ఉప్పు తక్కువున్న ద్రావణంలో ఉబ్బించి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి, చారల్ని బట్టి ఒక్కో క్రోమోజోముని గుర్తుపడతారు. కనీసం 20 కణాలు చూడాలన్నది మామూలు పద్ధతి. మనిషి కణంలో క్రోమోజోములు 46 అని సరిగ్గా లెక్క తేలిందే 1956లో. ఆ తర్వాత నాలుగేళ్లకే ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ పెద్దవాళ్లకి వచ్చే ఇంకో రకం లుకేమియాలో మరీ పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోముని పట్టుకున్నారు, దాన్నే ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు, 1973లో జానెట్ రౌలీ అది 9, 22 క్రోమోజోముల ముక్కలు అటూఇటూ మారడం వల్ల వచ్చిందని చూపించారు. పిల్లల ఏఎల్ఎల్ విషయానికొస్తే 1978లో సెకర్-వాకర్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది, లుకేమియా కణాల్లో క్రోమోజోముల లెక్క పెరిగిన పిల్లలకి జబ్బు అంత తొందరగా తిరగబెట్టడం లేదని. మా పాప చివరికి ఆ గుంపులోనే తేలింది కాబట్టి ఆ పేరు నా మనసులో ఉండిపోయింది.

ఏఎల్ఎల్‌లో కార్యోటైప్‌తో ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, ఒంట్లో అంత దూకుడుగా పెరిగే లుకేమియా కణాలు గాజు సీసాలో పెంచితే సరిగ్గా విభజన చెందవు, చెందినా వాటి క్రోమోజోములు మసకగా, చారలు సరిగా కనపడకుండా ఉంటాయి. అదే శాంపిల్‌లో ఉన్న ఆరోగ్యమైన కణాలు మాత్రం చక్కగా విభజన చెందుతాయి. అంటే మనం చూడాలనుకున్నవి కనపడవు, అక్కర్లేనివి కనపడతాయి. మా రిపోర్టులో సరిగ్గా ఇదే జరిగింది. 12 కణాలే దొరికాయి, ఆ 12లోనూ 46 క్రోమోజోములు ఉన్నాయి. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో "నార్మల్ ఫీమేల్ కార్యోటైప్" అని అచ్చు వేశారు. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో, దొరికిన కణాలు తక్కువ, ఇవి లుకేమియా కణాలు కాకపోవచ్చు అని రాశారు. ఆ పెద్ద అక్షరాలు చదివి మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మ్యారోలో 90 శాతం బ్లాస్టులే, అంటే లుకేమియా కణాలే ఉన్నాయని ఇంకో రిపోర్టు చెబుతుంటే, పన్నెండింటికి పన్నెండు కణాలూ నార్మల్‌గా రావడం అంటే లుకేమియా కణాల్ని చూడలేకపోయారని అర్థం తప్ప, వాటి క్రోమోజోములు బాగున్నాయని కాదు. ఇది నా మొదటి ఫిర్యాదు. చూసి లేదని చెప్పడం వేరు, చూడటం కుదరలేదని చెప్పడం వేరు. ఈ రెండింటినీ ఒకే మాటతో రాసే ల్యాబ్‌కి ఎంత మంచి మైక్రోస్కోపులున్నా నేను పూర్తి మార్కులు వేయను.

ఈ చిక్కు తెలిసే కార్యోటైప్‌తోపాటు ఫిష్ అనే పరీక్ష కూడా చేస్తారు. దీనికి కణం విభజనలో ఉండనక్కర్లేదు. ఫలానా జన్యువుకి అతుక్కునే రంగు ప్రోబ్ వేసి, మామూలుగా 200 కణాల్లో ఎన్ని చుక్కలు వెలుగుతున్నాయో లెక్కపెడతారు. ఒకటి రెండు రోజుల్లో ఫలితం వస్తుంది, మాకూ అలాగే వచ్చింది. దీని బలం, బలహీనత రెండూ ఒకటే, అడిగిన ప్రశ్నకి మాత్రమే జవాబు చెబుతుంది. పిల్లల ఏఎల్ఎల్‌లో సుమారు నాలుగో వంతు మందికి ఉండే 12, 21 క్రోమోజోముల మార్పిడినే తీసుకోండి, ఈటీవీ6, రంక్స్1 అనే రెండు జన్యువులు అందులో కలిసిపోతాయి కాబట్టి దాన్ని ఈటీవీ6-రంక్స్1 అంటారు. మారే ముక్కలు చూడటానికి ఒకేలా ఉండటంతో కార్యోటైప్‌లో అది అసలు కనపడదు, అందుకే ఇంత సాధారణమైన మార్పు అయినా 1990ల్లో గానీ బయటపడలేదు. అది ఉన్న పిల్లల్లో 90 శాతం పైగా కోలుకుంటారు. ప్రోబ్ వేయకపోతే అది ఉందని తెలియనే తెలియదు.

మాకు నాలుగు ప్రోబులు వేశారు. ఈటీవీ6-రంక్స్1 ఒకటి, ఫిలడెల్ఫియా క్రోమోజోముకి బీసీఆర్-ఏబీఎల్1 ఒకటి, 11వ క్రోమోజోము మీద ఉండే కేఎంటీ2ఏ ఒకటి, 19వ క్రోమోజోము మీద ఉండే టీసీఎఫ్3 ఒకటి. మొదటి పేజీలో నాలుగు వరుసలు, నాలుగింటి ఎదురుగా నెగిటివ్. అక్కడితో ఆపేస్తే మా పాపకి మంచిదీ లేదు, చెడ్డదీ లేదు, ఏ గుంపుకీ చెందని కేసు అనుకోవాలి. రెండో పేజీలో ప్రోబులవారీ వివరాల మధ్యలో ఒక వాక్యం ఉంది: 85 శాతం కణాల్లో రంక్స్1 సిగ్నళ్లు నాలుగు. మామూలుగా ఉండాల్సింది రెండు. ఈటీవీ6తో కలిసిపోయిందా అన్న ప్రశ్నకి జవాబు "కలవలేదు" అనే, అది నిజమే. కానీ అడగని ప్రశ్నకి కూడా ఆ ప్రోబ్ జవాబు చెప్పింది, దాన్ని రెండో పేజీలో దాచేశారు. మా డాక్టరమ్మ రిపోర్టు చేతికి రాగానే మొదటి పేజీ తిప్పేసి నేరుగా రెండో పేజీకి వెళ్లి, ఆ నాలుగు అన్న అంకె చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, అక్కడే నిలబడి ల్యాబ్‌కి ఫోన్ కలిపారు.

రంక్స్1 ఉండేది 21వ క్రోమోజోము మీద. దాని సిగ్నళ్లు ఎక్కువ కనిపించాయంటే కారణాలు ఒకటి కంటే ఎక్కువ, వాటిలో ఒకటి చాలా మంచిది, రెండు భయపెట్టేవి. మంచిది హైపర్‌డిప్లాయిడ్, అంటే కణంలో క్రోమోజోముల లెక్క పెరిగి 51 నుంచి 65 దాకా ఉండటం, పిల్లల ఏఎల్ఎల్‌లో పాతిక నుంచి ముప్పై శాతం ఇదే, ఇందులో 21వ క్రోమోజోము తరచుగా నాలుగు కాపీలు ఉంటుంది, కోలుకునేవాళ్లు 90 శాతం పైనే. రెండోది ఐ-యాంప్21 అనేది. క్రోమోజోముల లెక్క పెరగదు గానీ ఒక్క 21వ క్రోమోజోమే ముక్కలై, అతుక్కుని, రంక్స్1 ఉన్న భాగం దాని మీదే మళ్లీ మళ్లీ వస్తుంది, సిగ్నళ్లు ఐదూ అంతకంటే ఎక్కువ, ఒకేచోట గుంపుగా కనిపిస్తాయి. ఇది నూటికి ఇద్దరికి ఉంటుంది, కాస్త పెద్ద పిల్లల్లో ఎక్కువ. మామూలు మోతాదు కీమో ఇస్తే చాలామందికి తిరగబెట్టేది, మొదటి నుంచీ గట్టి కీమో ఇవ్వడం మొదలుపెట్టాక ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. ఈ రకం అసలు బయటపడిందే ఈటీవీ6-రంక్స్1 కోసం ప్రోబ్ వేసినప్పుడు. అంటే ప్రోబ్ వేసిన కారణం వేరు, కంటపడింది వేరు. ఆ రోజుల్లో ల్యాబ్‌లవాళ్లు నెగిటివ్ అని రాసి ఊరుకుని ఉంటే ఈ పిల్లలకి తక్కువ కీమోనే పడుతూ ఉండేది.

మూడో కారణం నాకు నిద్ర పట్టనివ్వలేదు. దాని గురించి ల్యాబ్‌లో సైటోజెనెటిక్స్, అంటే ఈ క్రోమోజోముల పరీక్షలు చూసే మేడమ్ ఫోన్‌లో వివరంగా చెప్పారు, వీళ్లకి నేనిచ్చిన మార్కుల్లో సగం ఆ ఫోన్‌కే. కొందరు పిల్లల్లో లుకేమియా కణం క్రోమోజోముల్ని పోగొట్టుకుంటుంది, 46 ఉండాల్సినచోట 24 నుంచి 30 మాత్రమో, 32 నుంచి 39 మాత్రమో ఉంటాయి. ఇది హైపోడిప్లాయిడ్, చాలా అరుదు, కానీ ఏఎల్ఎల్‌లో మొండి రకాల్లో ఒకటి, జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు దాటేవాళ్లు సగానికి అటూఇటూగా ఉంటారు. చిక్కేమిటంటే ఇలాంటి కణం ఒక్కోసారి మిగిలిన క్రోమోజోముల్ని మొత్తంగా రెట్టింపు చేసుకుంటుంది. 27 ఉన్నది 54 అవుతుంది. 54 అంటే చూడటానికి అచ్చం హైపర్‌డిప్లాయిడ్. అంటే అన్నిటికంటే చెడ్డ గుంపు అన్నిటికంటే మంచి గుంపు వేషం వేసుకుని వస్తుంది. కణంలో డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే డీఎన్‌ఏ ఇండెక్స్ అనే పరీక్ష కూడా ఇక్కడ ఒంటరిగా ఆదుకోదు, 1.16 పైన ఉంటే హైపర్‌డిప్లాయిడ్ కావచ్చు అంటారు గానీ రెట్టింపైన కణం కూడా అంతే చూపిస్తుంది.

మరి ఎలా తేలుస్తారు అని అడిగాను. ఆవిడ చెప్పింది నాకు దాదాపు అలాగే గుర్తుంది: "అమ్మా, రెట్టింపైన కణంలో ఏ క్రోమోజోమైనా రెండో నాలుగో ఉంటుంది, మూడు ఉండటం మామూలుగా జరగదు. నిజమైన హైపర్‌డిప్లాయిడ్‌లో మూడేసి ఉంటాయి. అందుకే మేము 4, 10, 17 క్రోమోజోములకి ప్రోబులు వేశాం. మీ పాపకి మూడూ మూడేసి ఉన్నాయి." ఈ మాట చెప్పేసరికి మేము ఆ ప్రోబులు అడిగి కూడా లేము. రంక్స్1 నాలుగు కనిపించిన వెంటనే వాళ్లంతట వాళ్లే వేసేశారు. అది కూడా కొత్త శాంపిల్ అడగకుండా. కార్యోటైప్ కోసం సిద్ధం చేసిన కణాల్లో మిగిలినవాటిని మిథనాల్, ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో ఫ్రీజర్‌లో దాచిపెడతారు, తర్వాత ఎప్పుడైనా వాటి మీద ఫిష్ చేసుకోవచ్చు. పాపకి మళ్లీ సూది పడలేదు. మా డాక్టరమ్మ ఇంకా గట్టి చేసుకోవడానికి స్నిప్ అర్రే అనే పరీక్ష కూడా చేయించారు. ఒక క్రోమోజోముకి ఉన్న రెండు కాపీలూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చినవా, లేక ఒకే కాపీ రెండుగా మారిందా అన్నది అందులో తెలుస్తుంది, పోగొట్టుకుని రెట్టింపు చేసుకున్న కణం అక్కడ దొరికిపోతుంది. అదీ హైపర్‌డిప్లాయిడ్ అనే తేల్చింది.

ఇంత మంచి పని చేసినవాళ్లు సవరించిన రిపోర్టులో కూడా మొదటి పేజీని అలాగే ఉంచేశారు, అదే నాకు బాధ. పైన నార్మల్ కార్యోటైప్, కింద నాలుగు నెగిటివ్‌లు, అనుబంధంలో హైపర్‌డిప్లాయిడ్. చదివే డాక్టరు అనుభవం ఉన్నవారు కాబట్టి సరిపోయింది. రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరు ఫైలు తెరిస్తే మొదటి పేజీయే చూస్తారు. మేము వేరే ఊరికి మారి వేరే ఆసుపత్రికి వెళ్తే అక్కడా అంతే.

రెండో ఫిర్యాదు చివరి పేజీ గురించి. అన్ని రిపోర్టులకీ ఒకటే పేజీ జతచేస్తారు, ఏ మార్పు ఉంటే ఏం జరుగుతుందని ఒక పట్టిక. అది పాతది. 1, 19 క్రోమోజోముల మార్పిడి, అదే టీసీఎఫ్3-పీబీఎక్స్1, ఎదురుగా "పూర్" అని ఉంది. ఒకప్పుడు నిజమే, కీమో గట్టిపడ్డాక ఇప్పుడు ఆ పిల్లలు మిగతావాళ్లతో సమానంగా కోలుకుంటున్నారు, మెదడు, వెన్నుపాము వైపు తిరగబెట్టకుండా జాగ్రత్తగా చూసుకుంటారు అంతే. అదే టీసీఎఫ్3 జన్యువు 17వ క్రోమోజోము మీదున్న హెచ్‌ఎల్‌ఎఫ్‌తో కలిస్తే మాత్రం ఇప్పటికీ చాలా కష్టమైన రకం, అరుదైనది. ఈ రెండింటి తేడా కూడా ఆ పట్టికలో లేదు. ఫిలడెల్ఫియా క్రోమోజోము ఎదురుగా ఉన్నదైతే ఏ తల్లి చదివినా గుండె ఆగిపోతుంది. పిల్లల ఏఎల్ఎల్‌లో అది నూటికి మూడు నుంచి ఐదుగురికి ఉంటుంది, ఒకప్పుడు చాలామందికి మూలకణాల మార్పిడి చేసేవాళ్లు, అయినా మొత్తంమీద సగం మంది కూడా దక్కేవాళ్లు కాదు. ఇమాటినిబ్ అనే మందు వచ్చాక, కీమోతోపాటు దాన్ని రోజూ ఇచ్చిన పిల్లల మీద అమెరికాలో జరిగిన అధ్యయనంలో మూలకణాల మార్పిడి లేకుండానే ఐదేళ్ల దగ్గర సుమారు 70 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. ఆ మార్పు కనిపించిందంటే ఇప్పుడు దానికి సరిపోయే మందు ఉందని అర్థం, ఎంత త్వరగా తెలిస్తే అంత త్వరగా మొదలుపెడతారు. పట్టికలో మందు ఊసే లేదు.

ఏడాది లోపు పసిపిల్లల సంగతీ అంతే. వాళ్లకి వచ్చే ఏఎల్ఎల్‌లో 70 నుంచి 80 శాతం కేఎంటీ2ఏ మార్పుతో ఉంటుంది, పిల్లల లుకేమియాలో అందరూ భయపడే గుంపు అదే. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాంటి 30 మంది పసిపిల్లలకి కీమోతోపాటు బ్లినటుమోమాబ్ అనే మందు ఒక కోర్సు ఇస్తే, రెండేళ్ల దగ్గర 81.6 శాతం మంది జబ్బు లేకుండా ఉన్నారు, అంతకుముందు కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో అది 49.4 శాతం. చిన్న అధ్యయనమే, అయినా ఆ తల్లిదండ్రులకి ఈ అంకె తెలియడం ఎంత అవసరమో ఆలోచించండి. పాత అంకెలున్న పట్టికని ఆ కుటుంబాల చేతిలో పెట్టడం కంటే ఆ పేజీ తీసేయడం మేలు. బతికే అవకాశం గురించి మాట్లాడాల్సింది పిల్లని చూస్తున్న డాక్టరు, అచ్చు వేసిన కాగితం కాదు.

ఒక విషయంలో మాత్రం ఈ ల్యాబ్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మా ఆయన మొదట అడిగింది, "ఇది మా నుంచి వచ్చిందా?" అని. బయటికి అనకపోయినా ప్రతి తల్లీ తండ్రీ లోపల అడుక్కునే ప్రశ్న ఇదే. క్రోమోజోము అనే మాట వినగానే వంశం, రక్తం, ఎవరివైపు నుంచి అన్న మాటలు ఇంట్లో మొదలవుతాయి, తల్లి మీదకి నెట్టేవాళ్లు కూడా ఉంటారు. ఆ మేడమ్ తొందర లేకుండా చెప్పారు, ఈ మార్పులు లుకేమియా కణాల్లో మాత్రమే ఉంటాయి, పాప ఒంట్లో మిగతా కణాల్లో 46 క్రోమోజోములూ మామూలుగానే ఉన్నాయి, మీ నుంచి రాలేదు, పాప నుంచి పాప పిల్లలకి పోదు అని. కొన్ని మార్పులు కడుపులో ఉండగానే మొదలవుతాయన్నది నిజం, పుట్టిన వెంటనే మడమ నుంచి తీసి కార్డు మీద ఆరబెట్టిన రక్తపు చుక్కల్లో ఈటీవీ6-రంక్స్1 కనిపించిన సందర్భాలున్నాయి. కానీ అలా మొదలవడం వేరు, తల్లిదండ్రుల నుంచి సంక్రమించడం వేరు, ఆ మొదటి మార్పుతో పుట్టినవాళ్లలో చాలామందికి లుకేమియా రానే రాదు. ఇందులో తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన మినహాయింపు ఒకటుంది. 32 నుంచి 39 క్రోమోజోములున్న హైపోడిప్లాయిడ్ పిల్లల్లో టీపీ53 అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది, వాళ్లలో దాదాపు సగం మందికి అది పుట్టుకతోనే, ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉంటుంది, అలాంటప్పుడు ఇంట్లో మిగతావాళ్లకి కూడా పరీక్ష, కౌన్సెలింగ్ కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయం కూడా వేరు, వాళ్లకి 21వ క్రోమోజోము పుట్టుకతోనే మూడు ఉంటుంది, లుకేమియా వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే చాలా రెట్లు ఎక్కువ. ఆ సంగతి ఫారంలో రాయకపోతే ల్యాబ్‌వాళ్లు రంక్స్1 మూడు సిగ్నళ్లు చూసి పొరబడతారు.

ఏఎంఎల్ అని ఇంకో రకం లుకేమియా వచ్చిన పిల్లలకి కూడా ఇదే ల్యాబ్ చేస్తుంది. నేను దగ్గరుండి చూడలేదు కాబట్టి దానికి మార్కులు వేయను. 15, 17 క్రోమోజోముల మార్పిడి ఉండే రకం అనుమానం వస్తే అదే రోజు ఫిష్ ఫలితం ఇస్తామని వాళ్ల ఫారంలో ఉంది. అది నిజంగా అవసరం, ఆ రకంలో మొదటి రోజుల్లోనే రక్తస్రావంతో ప్రాణం మీదకి వస్తుంది, ఏట్రా అనే మందు వెంటనే మొదలుపెడితే కోలుకునేవాళ్లే ఎక్కువ.

ఈ పరీక్షతో అన్నీ తెలిసిపోతాయని కూడా అనుకోవద్దు. ఫిలడెల్ఫియా క్రోమోజోము లేకుండానే అచ్చం దానిలా ప్రవర్తించే రకం ఒకటి ఉంది, 2009లో రెండు బృందాలు విడివిడిగా దాన్ని వర్ణించాయి, పెద్ద పిల్లల్లో, టీనేజ్ వాళ్లలో ఎక్కువ. మామూలు కార్యోటైప్, నాలుగు ప్రోబుల ఫిష్‌లో అది చాలావరకు తప్పించుకుంటుంది, దానికి ఆర్‌ఎన్‌ఏ పరీక్షలు కావాలి. ఏ గుంపులోనూ తేలని పిల్లలకి ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న. మంచి గుంపులో పడ్డ పిల్లలకి కూడా మొదటి నెల చివర ఎంఆర్‌డీ చూస్తారు, అంటే మైక్రోస్కోపుకి అందనంత తక్కువగా మిగిలిన జబ్బు. అది 0.01 శాతం కంటే తక్కువ ఉండాలి. మా పాపకి అలాగే వచ్చింది. క్రోమోజోముల వార్త వచ్చినప్పుడు నాకు ధైర్యం వచ్చింది గానీ, చెయ్యి గుండెల మీద వేసుకుని పడుకున్నది మాత్రం ఎంఆర్‌డీ వచ్చిన రాత్రే.

ఈ పరీక్షకి వెళ్లేవాళ్లు ఏ ల్యాబ్‌నైనా సరే కొన్ని అడగండి. ఎన్ని కణాలు చూశారు, 20 కంటే తక్కువైతే నార్మల్ అన్న మాటని ఎంతవరకు నమ్మాలి. ఏయే ప్రోబులు వేశారు, ఏవి వేయలేదు. వేసిన ప్రోబుల్లో రెండు కంటే ఎక్కువో తక్కువో సిగ్నళ్లు ఎక్కడైనా కనిపించాయా. హైపర్‌డిప్లాయిడ్ అంటే రెట్టింపైన హైపోడిప్లాయిడ్ కాదని ఎలా తేల్చుకున్నారు. మిగిలిన కణాలు దాచారా, ఎన్నాళ్లు ఉంచుతారు. వైద్యం ఆపి వేయమనో మార్చమనో మీరు అడగడం లేదు, డాక్టరు చూసే కాగితం పూర్తిగా ఉందో లేదో చూసుకుంటున్నారు, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. మొదటి రిపోర్టు, సవరించిన రిపోర్టు రెండూ దాచుకోండి. ఎప్పుడైనా జబ్బు తిరగబెట్టిందేమో అన్న అనుమానం వస్తే పాత క్రోమోజోములతో పోల్చి చూడటానికి అవే ఆధారం.

శాంపిల్ తీసుకున్న తీరుకి ఐదుకి ఐదు, ఫిష్‌కి ఐదు, ఫోన్‌లో మాట్లాడిన మేడమ్‌కి ఐదు దాటి ఇవ్వగలిగితే అంతకంటే ఎక్కువే ఇస్తాను. కార్యోటైప్‌లో కణాలు దొరకకపోవడం వాళ్ల తప్పు కాదు, దానికి కోయను. రిపోర్టు రాసిన తీరుకి రెండు. మొదటి పేజీలో "చూడగలిగినంతలో" అన్న మాట పెట్టి, అదనపు సిగ్నళ్ల సంగతి అక్కడే రాసి, చివరి పేజీలో పట్టిక మార్చమని వాళ్లకి ఉత్తరం రాశాను, పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. మార్చిన రిపోర్టు నా కంటపడిన రోజు ఈ నాలుగుని ఐదు చేస్తాను.